పై కక్ష్యకు చెయ్యెత్తిన రైతు

తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కితే, పక్క సీటాయన ఒళ్లో ఒక యాంటెన్నా ఉంది. కొలిచే స్టీలు టేపు ముక్కలు ప్లాస్టిక్ పైపుకి బిగించి సొంతంగా చేసుకున్నది. పెంటపాడులో వరి రైతట. హామ్ రేడియో పిచ్చి, అంటే సొంత రేడియో సెట్టుతో దూరాల సిగ్నళ్లు పట్టే సరదా.

"మా క్లబ్బు చిన్న శాటిలైట్ చేసిందండి. కింది కక్ష్యకైతే అప్పుడే ఎగిరేది, కానీ కొన్ని నెలలకే కిందికి జారి కాలిపోతుంది. పై కక్ష్యలో అయితే ఏళ్లపాటు పలుకుతుంది. ఏది కావాలో చేతులెత్తమన్నారు. నేను పైదానికే ఎత్తానండి. అక్కడికి తీసుకెళ్లాల్సిన రాకెట్ మూడోసారి వాయిదా పడింది."

ఆయనకు రేడియో నేర్పిన మాస్టారు ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఇక ఎన్నో రోజులు లేవట. శాటిలైట్ పలికిందా అని రోజూ అడుగుతున్నారట.

"విన్నానని చెప్పేయండి," అన్నాను తేలిగ్గా.

"చెప్పేద్దామనే బయల్దేరానండి. కానీ విన్న సిగ్నళ్లు రాసుకునే లాగ్‌బుక్ చూపించమంటారు. చెవిన పడనిది అందులో రాయనని మొదటిరోజే నాచేత ఒట్టు వేయించుకున్నారు."

పుస్తకం తీసి తేదీ వేశారు, టైము వేశారు. భీమడోలు దాటినా పెన్ను కదల్లేదు. ఏలూరు వస్తుండగా రెండూ నా చేతిలో పెట్టారు.

"మీరు రాసిపెడతారా అండి? నాకు చెయ్యి రావట్లేదు."

'సిగ్నల్ స్పష్టంగా వినిపించింది' అని రాసిచ్చాను. ఆయన చాలాసేపు ఆ వరుస చూసి, పుస్తకం మూసి, దిగిపోయారు.

జనంలో కలిసిపోయాక తట్టింది నాకు. అది శిష్యుడి చేతిరాత కాదని మాస్టారు చూడగానే పోల్చుకుంటారు. ఆ సంగతి ఆ రైతుకు ముందే తెలుసేమో.