బాయ్‌నెట్ మాస్టారి పిడికిలి

తుపాకులు వచ్చిన కొత్తలో బాయ్‌నెట్‌ను, అంటే తుపాకీ కొసన ఉండే పొడుపు కత్తిని, గొట్టం మూతిలోనే బిగించేవారట. బిగిస్తే పేల్చడానికి లేదు, పేల్చాలంటే పీకాలి. ఆ రెండు పనుల మధ్య సందులో ఎందరు సిపాయిలు పోయారో! తర్వాత ఎవరో బుద్ధిమంతుడు దాన్ని గొట్టానికి ఉంగరంలా తొడిగే ఉపాయం కనిపెట్టాడు. తూటాలు గబగబా కురిపించే రైఫిళ్ళు వచ్చాక ఇక ఆ కత్తికి నూకలు చెల్లాయన్నారు. చెల్లలేదు. పొడవడం కన్నా భయపెట్టడమే దాని అసలు పని మరి. దాని మెరుపు చూసి కాళ్ళకు బుద్ధి చెప్పినవాళ్ళే ఎక్కువ.

ఈ చరిత్రంతా టైలరమ్మకు కంఠతా వచ్చు. వినక తప్పింది కాదు. ఆమె భర్త పాతికేళ్ళపాటు కొత్త సిపాయిలకు బాయ్‌నెట్ నేర్పిన మాస్టారు. ఇంతా చేసి సర్వీసు మొత్తంలో ఒక్క మనిషినీ పొడిచిన పాపాన పోలేదు. పొడిచిందల్లా గడ్డి కూరిన గోనె బస్తాల్నే. చిరిగిన బస్తాలు కుట్టడానికి ఇంటికొచ్చేవి. ఆమె కుట్టుపని అలా మొదలైంది.

"ఈ కుర్రాడెవరండీ, పొడిచి అక్కడే కాపురం పెట్టాడు?" అనేది ఆమె చిరుగు చూసి.

"అదేగా నా గోల. పొడవడం అందరూ పొడుస్తారు, లాగడం రావాలి. కత్తి వెనక్కి లాక్కోలేనివాణ్ణి పక్కవాడు పొడుస్తాడు."

రిటైరయ్యాక ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కొన్నాళ్ళకు కాలు లొంగింది గాని చెయ్యి లొంగలేదు. అదీ విచిత్రంగా: పట్టుకోవడం వచ్చింది, వదలడం రాలేదు. మంచం కమ్మీ పట్టుకుని లేస్తాడు. కుర్చీలోకి మారాలంటే కమ్మీ వదలాలి. వేళ్ళు ఒక్కొక్కటీ ఆమే విప్పాలి. దాంతో ఆమె గడప దాటడానికి లేక, మేడ కింద వీధివైపున్న ఆమె కుట్టుపని కొట్టుకు తాళం పడింది.

కొట్టు యజమాని వచ్చి మర్యాదగానే చెప్పాడు. "అక్కా, ఒకటో తారీఖుకి తెరిస్తే సరే. లేదంటే చెప్పుల షాపతనికి ఇచ్చేస్తా. తర్వాత నన్ను తిట్టుకోకు."

"తెరుస్తాను తమ్ముడూ," అంది టైలరమ్మ. ఎలాగో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం లేవదీస్తుంటే మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు వదలదు. అవతల పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి. బతిమాలింది, గిల్లింది. చివరికి ఒళ్ళు మండి, ఇన్నేళ్ళూ పెరటిగోడ అవతలి మైదానంలోంచి విన్న మాస్టారి డ్రిల్లు గొంతుతో అరిచింది.

"లాగు!"

పాతికేళ్ళ అలవాటు కాబోలు, చెయ్యి వెనక్కి గుంజుకుని వేళ్ళు విచ్చుకున్నాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

మర్నాటినుంచి ఇంట్లో డ్రిల్లు. తుడుపుకర్ర రైఫిలైంది, చుట్టిన పరుపు శత్రువైంది. సిద్ధం, పొడువు, లాగు! చెయ్యి విచ్చుకుని కర్ర కింద పడితే ఆ పూటకు గెలుపు.

ఎదురింటావిడ ఆగలేక వచ్చేసింది. "ఏంటి వదినా ఆ కేకలు? అన్నయ్యగారిని కొడుతున్నావా ఏం?"

"నేర్పిస్తున్నా."

"ఈ వయసులోనా?"

"ఇన్నాళ్ళూ ఆయన ఊరందరికీ నేర్పారు. ఇప్పుడాయన వంతు."

"నా గొంతు... దొంగిలించింది," అన్నాడు మాస్టారు వంకరపోయిన మూతితో.

"మీరు వాడట్లేదుగా. ఖాళీగా ఉందని తీసుకున్నా."

అంతా బాగానే ఉంది గాని, చెయ్యి ఆమె కేకకే విచ్చుకునేది. గొంతు తగ్గిస్తే సగం విచ్చుకునేది. నోరు మూసుకుంటే బిగిసిన పిడికిలి బిగిసినట్టే. కొట్టులో మిషను తొక్కుతూ మేడమీదికి కేకలెయ్యడం అయ్యే పనేనా? నెలాఖరున ఆమె ఎదురుగా కూర్చుంది.

"రేపు నేను కిందుంటాను. ఆర్డరు మీకు మీరే ఇచ్చుకోవాలి."

"రాదు."

"మీ కుర్రాళ్ళు రాదంటే ఏం చేసేవారు?"

"పరిగెత్తించే... వాణ్ణి."

"మిమ్మల్ని పరిగెత్తించలేను. కొట్టు మాత్రం తెరుస్తాను."

ఆయన కళ్ళెర్రజేశాడు. "పో," అన్నాడు. "తెరువు."

పొద్దున్నే కర్ర ఆయన పిడికిట్లో పెట్టి, కుర్చీ మంచం పక్కకు జరిపి, కిందికి దిగి షట్టరెత్తింది. దుమ్ము దులిపింది. బడి టీచరు జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది గాని, చెవులు పైకప్పుకే అంటుకుపోయాయి. పైన అలికిడి లేదు. ఒకసారి మెట్లదాకా వెళ్ళింది. పైమెట్టు వైపు చూసి, పళ్ళు బిగించి వెనక్కి వచ్చింది.

టక్కున కర్ర పడిన చప్పుడు.

ఆమె చెవి రిక్కించింది. మనిషి పడితే అలా ఉండదు. కాసేపటికి కర్ర నేలమీద గీసుకుంటూ కదిలింది. ఎడం చేత్తో తీసుకుంటున్నాడు కాబోలు. మళ్ళీ టక్కుమంది. తర్వాత మంచం కిర్రుమంది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు కుర్చీ కాళ్ళు, బరువు మీదపడి, నేలను బరబరా రాసుకున్నాయి.

"పైన ఏదో జరుగుతున్నట్టుందండీ," అంది టీచరు.

"జరగనివ్వండి. మీరు చేతులు చాపండి," అని టైలరమ్మ టేపు విప్పింది.