ఖాళీ లేయర్‌లో బండ్ల బాట

దయ్యాల ముచ్చట ఎత్తితే ఎదుటి మనిషి విసిగి లేచిపోయేదాకా వాదించే రకం నేను. దారిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయ కనబడితే మా అత్తమ్మ చుట్టూ తిరిగిపోతుంది, నేను తొక్కుకుంటూ పోతాను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి మీరు నన్ను మా అత్తమ్మ జట్టులో వేసేస్తారేమోనని.

సిద్దిపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో మ్యాపులు చేయడం నా పని. భూముల కొలతలు తెస్తే కంప్యూటర్‌లో పటం తయారు చేసి ఇస్తాం. పదిహేనేళ్లుగా ఇదే బతుకుతెరువు.

కిందటిసారి పత్తి ఏరే కాలంలో ఒక పొద్దున రాజవ్వ వచ్చింది. అక్కన్నపేట దగ్గర పల్లె ఆమెది. ఆమె పత్తి చెల్కలోకి బండైనా ట్రాక్టరైనా పోవాలంటే పక్క చెల్క అంచున ఉన్న పాత బండ్ల బాటే దిక్కు. ఆ పక్క చెల్కను కొత్తగా కొన్న మల్లయ్య చుట్టూ ముళ్ల తీగ కట్టేశాడు. బాటను తుమ్మ చెట్లు కమ్మేశాక పాత ఆసామి తన చెల్క మధ్యలోంచే పోనిచ్చేవాడు. కొత్తాయనకు బాట కనబడదు, కాబట్టి ఆయన తప్పు కూడా లేదు. రెండు రోజుల్లో పెద్దమనుషులు కూర్చుంటారు. బాట ఉన్నట్టు రుజువు చూపకపోతే ఆమె ఇక ఆ చెల్కను అమ్ముకోవలసిందే.

"అప్పట్ల నువ్వే మిషిన్ పట్టుకొని వచ్చినవ్ గద బిడ్డా. మా ఆయన ముందట నడుసుకుంట బాట సూపెట్టిండు" అంది.

నిజమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీపీఎస్ పట్టుకుని ఆ పల్లెల బాటలన్నీ తిరిగాం. ఆమె భర్త ఎల్లయ్య ముందు, నేను వెనక. ఆయన పోయి ఆరేళ్లయింది.

నాకు చెమటలు పట్టాయి. పోయిన మనిషి గుర్తొచ్చి కాదు, నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి.

మా పనిలో లేయర్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. తెరిస్తే పటం కనబడుతుంది కానీ, పటం అందులో ఉండదు. అసలు డేటా ఏ కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో, దానికి ఏ రంగు వేయాలో, అంతే రాసి ఉంటుంది. పెండ్లి పత్రికలో ఫంక్షన్ హాలు అడ్రసు ఉంటుంది, భోజనం ఉండదు కదా. పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసే ముందు బాటల పటాలన్నీ సీడీలోకి ఎక్కించమని మా సార్ చెప్పారు. కొత్తలో నాకంత తెలియదు. లేయర్ ఫైల్ తెరిస్తే పటం వస్తోంది కాబట్టి అదే పటమనుకుని దాన్నొక్కదాన్నే ఎక్కించాను. డేటా ఉన్న డిస్కు తుక్కు బండెక్కి పోయింది. తప్పు తెలిశాక సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఆ బాటలను మళ్లీ ఎవరడుగుతారులే అనుకున్నాను.

అడగడానికి రాజవ్వ వచ్చి కూర్చుంది. లేదని మొహం మీద చెప్పలేక, చూస్తానని సీడీ పెట్టాను. పాత రకం లేయర్ ఫైల్ మీద నొక్కితే ఇప్పటి సాఫ్ట్‌వేర్ పలకదు. ముందు కొత్త మ్యాప్ తెరిచి, అందులోకి దాన్ని చేర్చాలి. చేర్చాను. పేరు పక్కన ఎర్రగా ఆశ్చర్యార్థకం రావాలి, డేటా దొరకలేదని దాని అర్థం. అది రాగానే ఆమెకు చూపించి, సాఫ్ట్‌వేర్ మీద నెట్టేద్దామని నా ప్లాను.

ఎర్ర గుర్తు రాలేదు. శాటిలైట్ ఫోటో మీద, ఊరి నుంచి ఆమె చెల్క వైపు గోధుమ రంగు గీత రావడం మొదలైంది.

గీత ఎప్పుడైనా ఒక్కసారే వచ్చి పడుతుంది. ఇది అలా రాలేదు. మెల్లగా సాగింది. మధ్యలో ఒకచోట ఆగింది. మళ్లీ కదిలింది.

రాజవ్వ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూసింది. "గాడ ఆగుతడు. చుట్ట ముట్టిచ్చుకుంటడు" అని నవ్వింది.

నాకు గుర్తుంది. ఆ రోజు ఆయన చుట్ట ముట్టించుకునే దాకా నేను ఎండలో విసుక్కుంటూ నిలబడ్డాను. గీత చెల్క దాకా చేరగానే ప్రింటు తీశాను. వివరాల్లో చూస్తే డేటా ఉన్న చోటు అదే, తుక్కుకు పోయిన కంప్యూటర్‌లోని ఫోల్డర్. మధ్యాహ్నం మళ్లీ తెరిచాను. ఎర్ర గుర్తు. ఆ తర్వాత ఎన్నిసార్లు తెరిచినా అదే.

పంచాయితీ రోజు ప్రింటు పట్టుకుని నేనూ వెళ్లాను. ప్రింటును ఫోన్‌లోని శాటిలైట్ ఫోటోతో పోల్చి చూసుకుంటూ, గీత ఉన్నచోట పెద్దమనుషులు తుమ్మ చెట్లు కొట్టించారు. మట్టి కింద పరుపు బండ, దాని మీద బండి చక్రాలు అరగదీసిన రెండు గాడులు బయటపడ్డాయి. మల్లయ్య వంగి చేత్తో తడిమి చూశాడు. "ముందుగాల తెలిస్తే తీగ కడ్తునా అక్కా" అని తానే తీగ విప్పాడు.

మా ఫీల్డులో వాళ్లను చాలామందిని అడిగాను. మీ కంప్యూటరే పాత కాపీ ఏదో దాచుకుని ఉంటుందన్నారు. ఆ కంప్యూటర్ కొన్నది అంతకు ఏడాది ముందే, అది ఆ డేటా మొహం కూడా చూడలేదు. ఆఫీసులో డిస్కులన్నీ రెండు రోజులు వెతికాను. ఎక్కడా లేదు.

పత్తి నింపే రోజు రాజవ్వ పిలిస్తే వెళ్లాను. ట్రాక్టర్ ఆ బాట మీద వస్తుంటే ఇక ఆపుకోలేక చెప్పేశాను. పటం పోగొట్టింది నేనే, ఆ ఫైల్లో ఏమీ లేదు, మనకు కనబడింది కనబడాల్సింది కాదు అని.

ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వు బాట పోగొట్టినవ్. ఆయన మల్ల వచ్చి సూపెట్టి పోయిండు. గంతే గద" అని చీర కుచ్చిళ్లు దోపుకుని పత్తి తొక్కడానికి ట్రాలీ ఎక్కింది.

ఆ "గంతే" నాకు సరిపోవడం లేదు. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఇన్నేళ్లు లోపల దాచుకున్న తప్పు బరువు మాత్రం ఆ రోజే దిగింది, ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.