గడ్డం తాతయ్య ఉన్న లేయర్

మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర టాబ్లెట్ మీద బొమ్మ వేసుకుంటోంది. గాజు మీద డిజిటల్ పెన్ను టిక్కుటిక్కుమంటుంటే, వంటింట్లో పప్పు మెదుపుతున్న నా చేయి ఆగిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు మోరా షీరా గుర్తొస్తారు. మోరా అంటే హీబ్రూలో టీచరమ్మ. మేముండే ప్లెయిన్స్‌బరోకు కాస్త దూరంలో ఉన్న ఒక యూదుల బడిలో ఆవిడ మూడో తరగతి పిల్లలకు వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా చెప్పేవారు. పొట్టి మనిషి, ముఖానికి మించిన కళ్ళజోడు, మాటకు ముందే నవ్వు.

ఏళ్ళ తరబడి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. తరగతిలో సగంమంది మోరా దగ్గర పాఠం చదివితే, మిగతా సగం నా దగ్గర అదే పాఠానికి టాబ్లెట్ల మీద బొమ్మలు వేసేవారు. తర్వాత గుంపులు మారేవి. తోరాకు ఈ స్క్రీన్లేమిటని కొందరు తల్లిదండ్రులు గొణిగారు. ప్రిన్సిపల్ ఒక పాఠం చూశాక, ఉంచాలో తీసేయాలో తేలుస్తానన్నారు. టాబ్లెట్లు పోతే నా ఉద్యోగమూ పోయినట్టే.

ఆయన చూడ్డానికొచ్చే రోజు పాఠం సృష్టి కథ. కాకినాడ సండే స్కూల్లో పెరిగినదాన్ని, ఇది నా సొంత సరుకే అనుకుని నమూనా బొమ్మ తయారుచేశాను. డిజిటల్ బొమ్మలో లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లాంటివి. అడుగున చీకటి, దాని మీద వెలుగు, అన్నిటికన్నా పైన మబ్బుల్లోంచి చేయి చాచిన తెల్లగడ్డం తాతయ్య. మా చర్చి గోడ మీద నేను చూసిన దేవుడు ఆయనే. యూదులు దేవుడికి రూపం గీయరన్న సంగతి నాకు తట్టనే లేదు. దేవుడికి రూపం చేయొద్దన్న ఆజ్ఞతో సహా పది ఆజ్ఞలూ తడుముకోకుండా అప్పజెప్పి బహుమతి కొట్టేసినదాన్ని కూడాను.

ప్రిన్సిపల్ వెనక కుర్చీలో కూర్చున్నారు. నా బొమ్మ పెద్ద తెర మీదికి రాగానే ముందు వరసలో ఉన్న నోవా అనే పిల్ల అడిగింది: "ఆ తాతయ్య ఎవరు?"

"దేవుడు" అన్నాను. అన్నాక ప్రిన్సిపల్ ముఖం చూశాను. అప్పుడు తట్టింది నాకు. గబగబా డిలీట్ నొక్కబోతుంటే మోరా నా చేయి పట్టుకున్నారు.

"చెరపకు. కనబడకుండా పెట్టు, చాలు."

లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కాను. తాతయ్య పోయి చీకటీ వెలుగూ మిగిలాయి. మోరా పిల్లల వైపు తిరిగారు. "మనం దేవుణ్ణి గీయం. మరి ఆయన ఇక్కడ ఉన్నాడని చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? మీరు వేసి చూపించండి."

నోవా నల్లటి నీళ్ళ మీద ఒకే ఒక అల వేసింది. ఇంకో పిల్లవాడు వాళ్ళమ్మ శుక్రవారం సాయంత్రం ప్రార్థనకు వెలిగించే కొవ్వొత్తుల కాంతి గోడ మీద పడ్డట్టు వేశాడు. ప్రిన్సిపల్ లేచి వచ్చి వాడి పక్కన వంగారు. "కొవ్వొత్తులేవి?" అంటే, "పక్క గదిలో ఉన్నాయి" అన్నాడు వాడు, అది కూడా తెలియదా అన్నట్టు.

వెళ్తూ ఆయన ఈ పాఠం ఎవరు తయారుచేశారని అడిగారు. "ఇద్దరం" అన్నారు మోరా, కన్నార్పకుండా. టాబ్లెట్లు ఉండిపోయాయి, నేనూ ఉండిపోయాను. ఆవిడంటే నాకు ప్రాణమైంది ఆ రోజునుంచే.

ఆవిడ రిటైరైన రోజు పార్కింగ్ లాట్‌లో ధైర్యం చేసి చెప్పాను. "మోరా, ఇప్పటికీ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నాకు ఆ గడ్డం తాతయ్యే కనిపిస్తాడు."

"కనిపించనీ. నా క్లాసులో ఆయనకు చోటు లేదు. అంతమాత్రాన నీ దగ్గర్నుంచి తీసేయడానికి నేనెవర్ని? అందుకేగా చెరపొద్దన్నాను" అని నన్ను గట్టిగా కావలించుకున్నారు.

ఇప్పుడు మా తెలుగు చర్చిలో నేనే సండే స్కూల్ చెబుతున్నాను. మొన్న ఒక బాబు టాబ్లెట్ మీద దేవుడికి నీలం రంగు వేసి, తలలో నెమలి ఈక పెట్టి తెచ్చాడు. సంఘపెద్ద ఒకరు చూసి, "సిస్టర్, అది డిలీట్ చేయించండి, పేరెంట్స్ చూస్తే బాగోదు" అన్నారు.

"ఉండండి అన్నా, ముందు వాణ్ణి చెప్పనివ్వండి" అన్నాను.

"మా ఫ్రెండ్ విక్రమ్ వాళ్ళ ఇంట్లో చూశా ఆంటీ. వాళ్ళ గ్రాండ్‌మా రోజూ ఆయనకి బటర్ పెడ్తది" అన్నాడు బాబు, బెదురుగా. నేను కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుని, ఇంకా ఏం చూశావో చెప్పమన్నాను.