ఆయుధపూజకు ఆపిన కంప్యూటర్

ఆ ఉదయం చీర డిజైను రాలేదు. ధర్మవరంలో మగ్గాలవారికి డిజైన్లిచ్చే ఆఫీసు మాది. హిందూపురం హెడ్డాఫీసు నుంచి పంపేవి రోజూ ఆరింటికి వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యేవి. నా లాగిన్‌తో ప్రయత్నిస్తే అనుమతి లేదంది.

"మగ్గం ఊరికే ఉండాది. ఈపొద్దు మొదలుపెట్టకుంటే పెండ్లికి చీర అందదప్పా," అన్నాడు నేతగాడు ఓబులేసు.

నాకేమీ అర్థం కాక హెడ్డాఫీసును అడిగాను. ముందురోజు ఆయుధపూజకని కంప్యూటర్ ఆపి బొట్టు పెట్టాం. అంతకుముందు మూడేళ్లూ అది ఏ పూజకూ ఆపకుండా, పెనుకొండకు బదిలీ అయిన మా పాత ఉద్యోగి రామప్ప లాగిన్‌తోనే నడిచిందట. రామప్పకు ఫోన్ చేశాను.

"పాస్‌వర్డా? ఒగసారి కొట్టిందంతే, మల్ల అడగనే లేదు. దాన్ని ఆపమని ఎవురు చెప్పినారబ్బా?"

చివరికి డిజైను పెన్‌డ్రైవ్‌లో బస్సెక్కి వచ్చింది. చీర పెళ్లికి అందింది. మూడేళ్లు ఎదురుగా కూర్చున్నా, అది ఎవరి పేరున పనిచేస్తోందో నేను చూడనేలేదు.

తర్వాత నాకూ అన్ని అనుమతులూ ఇచ్చారు. నేను నొక్కితే డిజైన్లు వస్తున్నాయి. ఆరింటికి వాటంతటవి మాత్రం ఇంకా రావడం లేదు; ఆ ఏర్పాటు ఇప్పటికీ రామప్ప పేరునే ఉంది.