సరంగు గారి డీజిలు బండి

అందరూ ఆయన్ని సరంగు అంటారు గానీ జన్మలో ఆయన ఏ పడవా నడిపి ఎరగడు. నీళ్ల మీదికి వెళితే కడుపులో తిప్పుతుంది. ఆయన పనల్లా పడవలను నీళ్లలోంచి గట్టుకు లాగడం, షెడ్డులో పెట్టి అడుగు గీకించి రంగు వేయించడం, మళ్లీ నీళ్లలోకి దింపడం. రేవులో సిమెంటు వాలు ఒకటుంది. దాని మీద పికప్పును వెనక్కి పోనిచ్చి, వెనక తగిలించిన ట్రెయిలరును చక్రాలు మునిగేదాకా నీళ్లలోకి దించుతాడు. కూతురు నడుంలోతు నీళ్లలో నిలబడి పడవను ట్రెయిలరు మీదికి సర్దుతుంది, పట్టీ బిగిస్తుంది, అది పక్కకు ఒరగకుండా వెనక చెయ్యి వేసి పట్టుకుని, ‘ఇక పోనీ’ అని కేకేస్తుంది. ఈయన లాగుతాడు. వాలు నుంచి షెడ్డు దాకా మొత్తం దూరం, సిగరెట్టు ముట్టిస్తే సగం కూడా కాలదు.

ఆ కాస్త దూరం బరువు లాగినందుకు సరంగుకి నెత్తిన కొమ్ములు మొలిచాయి. మనుషుల్ని రెండు జాతులుగా విడగొట్టేశాడు, డీజిలు వాళ్లు, పెట్రోలు వాళ్లు. పెట్రోలు పికప్పు కొన్నవాణ్ణి మనిషి కిందే లెక్కవేయడు. ఆఫీసుల ముందర తళతళలాడుతూ నిలబడ్డ ఆ బండ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. వాటికి ‘సెంటుసీసాలు’ అని పేరు కూడా పెట్టాడు. పెళ్లాన్ని షికారు తిప్పడానికి తప్ప ఎందుకూ పనికిరావని పెదవి విరుస్తాడు. తన పెళ్లాన్ని ఆయన ఏనాడూ షికారు తిప్పిన పాపాన పోలేదు, అది వేరే సంగతి. పక్కసందులో డీజిలు ఇంజను గొంతు సవరించుకుంటే చాలు, కళ్లు సగం మూసుకుని అన్నం తినడం ఆపేస్తాడు. ఇంత వైరానికీ ఇంత భక్తికీ కారణం ఏమిటయ్యా అంటే, ఆయన మొట్టమొదట కొన్న బండి డీజిలుది. అంతకుమించి ఏమీ లేదు.

ఆ పాత బండి ఉప్పునీళ్లు తాగి తాగి అడుగంతా తుప్పు పట్టిపోయింది. మెకానిక్కు కింద దూరి చూసి బయటికొచ్చి, జాకీ పెడితే జాకీ పైకొస్తుంది గానీ బండి రాదని చెప్పేశాడు. కొత్తది కొనక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఏటికి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద షెడ్డు వాళ్లు సరంగు కూతురికి కబురు పెట్టారు. పనివాళ్ల మీద పెద్దగా రమ్మన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. పుట్టి పెరిగిన షెడ్డు, పైగా పనిలో తండ్రికి మరో దిక్కు లేదు. ఒక్కటే అడిగింది, ఈసారి బండి ఎంపిక తనకు వదిలేయమని. ఆ ఒక్క మాటా చెల్లితే ఎక్కడికీ వెళ్లనంది. ఆమె వాదన కూడా కొమ్మలూ రెమ్మలూ లేని సాదా వాదన.

“నాన్నా, మనం బరువు లాగుతాం, నిజమే. కానీ ఎంత దూరం లాగుతాం?”

ఈ కాలపు డీజిలు బండ్లలో పొగగొట్టం దగ్గర మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుందని, బండి దూరం పరిగెత్తి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలి బూడిదవుతుందని, రేవుకీ షెడ్డుకీ మధ్య తిరిగే బండికి ఆ వేడి ఎప్పటికీ పుట్టదని ఓపిగ్గా చెప్పింది. మన పడవల బరువుకి చిన్న గేరులో పెట్రోలు బండి చాలునంది. సరంగు ఆ మాటల్ని పూచికపుల్లలా తీసిపారేశాడు. పాలు తాగే వయసులో నిన్ను డీజిలు బండిలోనే ఆసుపత్రికి మోసుకెళ్లాను, అప్పుడు లేని మసి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. చివరికి సరంగు ఆలోచిస్తాలే అని మాట మాత్రం ఇచ్చాడు.

ఆలోచించడమంటే ఆయన దృష్టిలో మర్నాడు పొద్దున్నే ఒంటరిగా షోరూముకు పోవడం. అక్కడ పెట్రోలు బండి దగ్గరికి తీసుకెళ్లిన మనిషిని జాలిగా చూశాడు. డీజిలు బండి స్టార్టు చేయించి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎంత దూరం తిప్పుతారని అమ్మకాలాయన అడిగితే, ఎంత బరువైనా లాగుతానని చెప్పాడు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని ఇద్దరూ గమనించలేదు. ఒకరికి కొనాలని తొందర, ఇంకొకరికి అమ్మాలని. సాయంత్రానికి షెడ్డు ముందు ఇంటి గోడంత బండి నిలబడింది. కూతురు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నీళ్లలో దిగే రబ్బరు తొడుగు వేసుకుని పనిలోకి వెళ్లింది. ఆమె అరవలేదు గనక ఒప్పుకున్నట్టేనని సరంగు లెక్కవేసుకున్నాడు.

నెల తిరక్కుండానే బండి ముందుపలక మీద పసుపు దీపం వెలిగింది. సరంగు గుట్టుగా మెకానిక్కు దగ్గరికి పోయాడు. మసి పేరుకుందని, పెద్దరోడ్డెక్కి అరగంట తోలుకు రమ్మని, లేకపోతే ఒకరోజు బండి తనను తాను కాపాడుకోవడానికి ఉన్నట్టుండి బలం తగ్గించేస్తుందని మెకానిక్కు చెప్పాడు. కూతురు చెప్పిందీ ఇదే. కానీ మెకానిక్కు మగవాడు గనక సరంగు చెవికి ఎక్కింది.

ఆనాటి నుంచి ఆదివారాలు మన డీజిలు వీరుడు కుక్కను వాహ్యాళికి తీసుకెళ్లినట్టు బండిని తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పడవా లేదు, ట్రెయిలరూ లేదు. ఒట్టి బండిని పెద్దరోడ్డు మీద రయ్యిమని తోలి, దీపం ఆరగానే తిరిగొస్తాడు. ఎవరైనా చూస్తే పరువు పోతుందని, పక్క ఊళ్లో ఉన్న అక్కగారిని చూసి వస్తున్నానని ఇంట్లో చెప్పేవాడు. ఒకరోజు ఆ అక్కగారే ఫోను చేసి, తమ్ముడు మొహం చూసి ఏడాది అవుతోందని వాపోయింది. భార్య రెండు రోజులు ఆయనకు కంచం పెట్టి వడ్డించకుండా వెళ్లిపోయింది. భార్య అనుమానించినట్టు ఇంకో ఆడదాని కోసమైతే కాస్త గౌరవంగానైనా ఉండేదేమో. ఆయన పరువు కాపాడుకోవడానికి ఆ అనుమానాన్ని కూడా మింగి ఊరుకున్నాడు.

సీజను ముదిరింది. పడవలు వరసకట్టాయి. రెండు ఆదివారాలు షికారు కుదరలేదు. పసుపు దీపం మళ్లీ వెలిగింది, ఈసారి ఆరలేదు. కూతురు ఎప్పుడైనా బండిలోకి తొంగిచూస్తే ఇక వినాల్సి వస్తుంది కదా. అందుకని సరంగు ఆ దీపం మీద నల్లటి టేపు ముక్క అతికించాడు.

ఆ శుక్రవారం గట్టుకు లాగాల్సింది ఆ రేవుకే బరువైన పడవ. కూతురు నీళ్లలో నిలబడి దాన్ని ట్రెయిలరు మీదికి సర్ది, పట్టీ బిగించి, వెనక చెయ్యి వేసి కేకేసింది. సరంగు పెడలు తొక్కాడు. సగం వాలు ఎక్కాక బండి మూలిగింది. బలం చచ్చిపోయింది. ఆయన ఎంత తొక్కినా ఇంజను పలకలేదు. బ్రేకు మీద నిలబడ్డాడు గానీ చక్రాల కింద పాచి. బండీ ట్రెయిలరూ పడవా మొత్తం మెల్లగా వెనక్కి జారాయి. కూతురు పక్కకు దూకింది. రాతిగోడకీ పడవకీ మధ్య ఆమె తొడుగు అంచు ఇరుక్కుని చిరిగింది, మోకాలి దగ్గర చర్మం లేచిపోయింది. పడవ గోడకు గుద్దుకుని ఆగింది.

సరంగు కిందికి దిగి చేసిన మొదటి పని కూతుర్ని తిట్టడం. ముందే ఎందుకు తప్పుకోలేదని కసిరాడు. ఆమె కుంటుకుంటూ వచ్చి బండి తలుపు తీసి, స్టీరింగు వెనక టేపు ముక్కను చూసింది. గోటితో లేపింది. కింద దీపం నింపాదిగా వెలుగుతోంది. పడవ యజమాని తన పెట్రోలు జీపును ముందర గొలుసుతో తగిలించి సాయం పట్టాడు. రేవులో ఉన్నవాళ్లంతా చూస్తుండగా సెంటుసీసా డీజిలు బండిని ముక్కు పట్టుకుని పైకి లాక్కొచ్చింది.

ఆ సాయంత్రం కూతురు కాలికి కట్టు కట్టుకుని బల్ల ఎదురుగా కూర్చుంది. అవతలి ఒడ్డుకు వెళ్తున్నానంది. సరంగు తన జన్మలో పలకని మాట పలికాడు. డీజిలు బండి రేపే అమ్మేస్తానని, పెట్రోలుది నీ ఇష్టం వచ్చింది తెచ్చుకోమని అన్నాడు. ఇంతకన్నా దిగి రావడం ఏ మగాడి వల్లా కాదని ఆయన నమ్మకం.

“బండి గురించి కాదు నాన్నా,” అంది కూతురు. “బండి విషయంలో ఎవరైనా పొరబడతారు. దీపం వెలిగిందని నాకు ఒక్కమాట చెప్పుంటే నేను నీళ్లలోకి దిగేదాన్ని కాదు. నువ్వు చెప్పకపోగా మూసిపెట్టావు.”

కూతురు సోమవారం నుంచి అవతలి ఒడ్డున పనిలో చేరింది.

సరంగు అన్నమాట ప్రకారం పెట్రోలు పికప్పు తెచ్చాడు. అది కిక్కురుమనకుండా పడవలన్నిటినీ లాగింది. నీళ్లలో దిగే మనిషి మాత్రం నిలవలేదు. వచ్చినవాళ్లిద్దరూ ఆయన నోటికి దండం పెట్టి వెళ్లిపోయారు. చివరికి భార్యకు బండి తోలడం నేర్పి, స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తానే రబ్బరు తొడుగు వేసుకుని నీళ్లలోకి దిగాడు. పడవను సర్దాడు, పట్టీ బిగించాడు, వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి డ్రైవరు కనపడదు, బండి కూడా కనపడదు. తల మీద పడవ అడుగు ఒక్కటే కనపడుతుంది. కేకేయడానికి నోరు తెరిచి, ఆగిపోయాడు. నీళ్లు కారుతూ వాలెక్కి పైకొచ్చి, తలుపు తీసి, ముందుపలక మీద ఏ దీపమైనా వెలుగుతోందా అని ఒంగి చూశాడు.

“నా మీద అంత నమ్మకం లేదా?” అంది భార్య.

సరంగు తలుపు వేసి మళ్లీ నీళ్లవైపు నడిచాడు. ఇన్నేళ్లలో కూతురు ఒక్కసారి కూడా అలా పైకొచ్చి చూడలేదు.