సగం లేపిన షట్టరు

2011లో ఒక దినపత్రిక నన్ను ఫొటోగ్రాఫరుగా మహబూబాబాద్‌కు వేసింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. సభల ఫొటోలు చాలు, బజారులో మామూలు బతుకు తీసి పంపమన్నారు డెస్క్ వాళ్లు. చెప్పినంత తేలికా! కెమెరా కనబడితే చాలు, ఉల్లిగడ్డలు ఏరుకునేవాళ్లు కూడా పిడికిలెత్తి నినాదం అందుకునేవారు.

ఒక బంద్ రోజు దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నెల్లికుదురు నుంచి వచ్చిన ఒక అవ్వ బట్టల కొట్టు ముందు నిలబడి ఏడుస్తోంది. ఆమె ఆడబిడ్డ చనిపోయింది. తల్లిగారింటి తరఫున ఈమె తెచ్చే చీర కప్పందే శవం లేవదు. బంద్ చేయిస్తున్న కుర్రాళ్ల నాయకుడు యాదగిరి, వెంట ఎవరూ లేనప్పుడు వచ్చి, కొట్టు యజమాని సోమయ్య చేత తాళం తీయించి, తానే షట్టరు సగం లేపి పట్టుకున్నాడు. అవ్వ వంగి లోపలికి దూరుతుంటే ఫొటో తీశాను. ఎందుకు తెరిచారో కూడా రాసి పంపాను.

మర్నాడు పేపరు తెరిచాను. ఫొటోలో ఒక పక్క కోసేశారు. యాదగిరి లేడు. మిగిలింది షట్టరూ, దాని కింద అవ్వ కాళ్లూ. నేను రాసింది తీసేసి, ‘బంద్‌లోనూ దొంగచాటు బేరాలు’ అని పెట్టారు. చేతిలో కత్తెర ఉన్నవాడికి ఏం తెలిసి చస్తుంది!

పరుగున సోమయ్య కొట్టుకు వెళ్లేసరికి బట్టల తాన్లు రోడ్డు మీద పడి ఉన్నాయి. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా. అందరికంటే ముందు నిలబడ్డవాడు, ఎవరో కాదు, యాదగిరే. సోమయ్య చేతులు కట్టుకుని ఊరకే నిలబడ్డాడు. అవ్వ కొన్నది చావు చీర అని చెప్పాను. పేపర్లో వేసింది మీరే, ఇప్పుడు మాట మారుస్తున్నదీ మీరేనా అని కుర్రాళ్లు మీదికొచ్చారు. యాదగిరి మాత్రం నేల చూస్తున్నాడు.

కెమెరాలో ఉన్న అసలు ఫొటో తెరిచి అతనికొక్కడికే చూపించాను. ముఖం పాలిపోయింది.

“పదండ్రి, పోదాం. సార్ చెప్పింది నిజమే,” అన్నాడు తన వాళ్లతో. అంతే. షట్టరు లేపింది తానేనని మాత్రం అనలేదు.

గుంపు వెళ్లిపోయాక, అతని పేరు ఎందుకు చెప్పలేదయ్యా అని సోమయ్య మీద మండిపడ్డాను.

“ఎట్ల చెప్పాలె సార్?” అన్నాడు కిందపడ్డ బట్ట తాను ఎత్తి దులుపుతూ. “దుకాణం కాలితె మల్ల పెట్టుకుంట. పోరగాండ్లల్ల గాయిన మాట పోతె, ఇంకో అవ్వ ఏడ్సుకుంట వస్తె షట్టర్ ఎవలు లేపుతరు?”

ముఖ్యమైన మనిషిని ఫొటో అంచున ఉంచకూడదు. డెస్క్ కోసేది అంచులనే. రిటైరయ్యేదాకా అలాంటి మనిషిని నడుమనే పెట్టి తీశాను.