వెనకాల ఏమీ లేని ఫోటో

మా అన్నయ్యను ఊళ్ళో అందరూ 'గడ్డమెత్తు' అంటారు. ముప్ఫై ఏళ్ళుగా స్టూడియోలో స్టూలెక్కిన ప్రతి మనిషికీ ఆ మాటే చెప్పాడు మరి. పాస్‌పోర్టు ఫోటోలు, గుర్తింపు కార్డు ఫోటోలు. వెనకాల తెల్లటి తెర తప్ప ఈగ కూడా కనపడకూడదు. తీసేది ఆయన, కంప్యూటర్లో చెరిపి సరిచేసేది నేను. చెల్లెలినైన పాపానికి ఆ కుర్చీలోనే నా నడుము పడిపోయింది.

యాభై దాటాక ఆయనకు పిట్టల పిచ్చి పట్టుకుంది. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుకదిబ్బ ఉంది. ఎండాకాలంలో వందల కొద్దీ ఇసుకపిట్టలు అక్కడ గుంటలు చేసుకుని గుడ్లు పెడతాయి. దిబ్బ చుట్టూ తాడు కట్టి, కాపలాకు ఒకావిడను పెట్టారు. మూడేళ్ళు అన్నయ్య తాడు బయటే బోర్లా పడుకుని ఫోటోలు తీశాడు. నాలుగో ఏడు ఆవిడ మనసు కరిగింది.

"మీ ఒక్కరినే లోపలికి రానిస్తున్నానండీ. దేన్నీ ముట్టుకోకండి, చాలు," అంది.

ఆ మాట భోజనం దగ్గర నాకు నాలుగుసార్లు చెప్పాడు. ఆయనను అంతగా నమ్మిన మనిషి అప్పటిదాకా లేదు. నేనైతే అస్సలు నమ్మేదాన్ని కాదు.

ఇక రోజూ ఫోటోలే. ప్రతిదాంట్లో పిట్ట వెనక ఎండుపుల్లలు, గడ్డిదుబ్బు, ఒక విరిగిన చెక్క. చెరిపీ చెరిపీ నాకు విసుగెత్తింది.

"ఎన్ని పుల్లలని చెరపను? మనిషి వెనక చీపురుంటే తీసేశాకే కదా నొక్కుతావు! ఇక్కడేం రోగం?"

"ముట్టుకోవద్దంది ఆవిడ."

"పిట్టల్ని ముట్టుకోవద్దంది. పుల్లల్ని కాదుగా."

ఆ తెలివి నాదే. ఇంకొకరి మీదకు నెట్టను.

మర్నాడు పొద్దున ఆ చెక్క పక్కనున్న గుంటలో గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ బొటనవేలంత. అన్నయ్య చెక్క తీసి పక్కన పారేశాడు, పుల్లలు ఏరాడు, గడ్డి పీకాడు. తరవాత కెమెరాతో మిట్టమధ్యాహ్నం దాటేదాకా అక్కడే పడుకున్నాడు. తెచ్చిన ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. రెండు రెక్కలూ విప్పి, నోరు తెరిచి నిలబడిన పిట్ట, దాని కింద మూడు పిల్లలు, వెనకాల నున్నటి ఇసుక.

"పాట పాడుతున్నట్టుంది కదూ," అన్నాను. చెరపడానికి ఏమీ లేదని సంబరపడ్డాను కూడా.

తరవాతి రోజు ఆయన తొందరగా తిరిగొచ్చాడు. వచ్చి స్టూలు మీద తనే కూర్చున్నాడు.

"రెండు ఎండిపోయి పడున్నాయి. మూడోది కనపడలేదు. దొరికినవాటిని ఇసుకలో పూడ్చేసి వచ్చాను."

నేను ఆ ఫోటో మళ్ళీ తెరిచాను.

"ఆ చెక్క నీడలోనే బతుకుతాయి పిల్లలు. అది లేకే తల్లి రెక్కలు అడ్డం పట్టింది. నోరు తెరిచింది ఎండకు రొప్పుతూ. జంటలో రెండోది వచ్చి నీడ పట్టాలి, నేనున్నానని దూరంగా తిరుగుతూ అరిచింది. మూడేళ్ళు ఇవన్నీ కళ్ళారా చూశాను. తెలియదని ఎట్లా అనను?"

"ఆవిడకి చెప్పు."

"చెబితే మళ్ళీ రానిస్తుందా?"

గట్టిగా చెప్పి ఉండాల్సింది నేను. చెబితే నా మాట కూడా బయటికొస్తుందని నోరు మూసుకున్నాను.

నెల తరవాత ఆవిడే అడిగితే ఆ ఫోటో ఇచ్చాడు, ఆవిడకు తెగ నచ్చింది. పిల్లలు ఎగిరాయా అని అడిగితే ఎగిరాయన్నాడు. తాడు దగ్గర పెద్ద బోర్డు పెట్టించింది. పైన ఆ ఫోటో, కింద 'దేన్నీ ముట్టుకోకండి' అని అక్షరాలు. అన్నయ్య మళ్ళీ అటు వెళ్ళలేదు. దేనికోసం అబద్ధమాడాడో దాన్ని అనుభవించే మొహం కూడా లేకపోయింది ఆయనకు.

మొన్న ఆవిడ కొత్త గుర్తింపు కార్డుకని ఫోటోకొచ్చింది. స్టూలెక్కి సర్దుకుని కూర్చుంది.

"ఈ ఏడు రాలేదేమండీ? మీరు తప్ప ఆ తాడు లోపలికి ఇంకెవర్నీ రానివ్వలేదు. మీకోసం చోటు అట్టాగే ఉంచాను."

అన్నయ్య కెమెరా వెనక వంగి ఉండిపోయాడు. ఆవిడ ఆయన వంక చూసి నిండుగా నవ్వింది. ఆ కార్డు ఫోటోకు నవ్వకూడదు. నవ్వొద్దని ఆయన చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను.